ఫ్రూట్ క్రిస్ప్‌లో పంచదార తగ్గించడం: పండు దగ్గర సులువు, పైపొర దగ్గరే అసలు చిక్కు

క్లుప్తంగా: ఫ్రూట్ క్రిస్ప్ అంటే పండు ముక్కల మీద ఓట్స్ పొర వేసి ఓవెన్‌లో కాల్చే డెజర్ట్. ఆపిల్ క్రిస్ప్‌లో పంచదార రెండు చోట్ల పడుతుంది, కింద పండు ముక్కల్లో కొంత, పైన ఓట్స్ పొరలో కొంత. పండులో దాని పని ఎక్కువగా తీపి ఇవ్వడమే, కాబట్టి అక్కడ బాగా తగ్గించేయొచ్చు. పైపొరలో మాత్రం కరకర, రంగు, గుల్లదనం అన్నీ దాని మీదే నిలబడి ఉంటాయి, అక్కడ మొత్తం తీసేస్తే వేరే వంటకం అయిపోద్ది. క్యాలరీల లెక్కలో పంచదారతో సమానంగా వెన్న కూడా ఉంది, దాన్ని ముట్టుకోకుండా పంచదార ఒక్కటే తీసేస్తే అనుకున్నంత లైట్ అవ్వదు. చివర్లో పక్కన వేసే ఐస్‌క్రీమ్ స్కూప్ అయితే తగ్గించినదంతా మళ్ళీ తెచ్చి పెడుతుంది.

ఈ గందరగోళం ఎక్కడ మొదలైంది

అమెరికాలో సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా ఆపిల్ సీజన్. తోటకి వెళ్ళి సంచి నిండా ఆపిల్స్ కోసుకొచ్చే అలవాటు అక్కడి తెలుగు కుటుంబాలకి కూడా బాగా పట్టింది, ఆ సంచి ఖాళీ చెయ్యడానికి అన్నిటికంటే తేలికైన దారి ఆపిల్ క్రిస్ప్. పై (pie) లాగా పిండి కలిపి ఒత్తాల్సిన పని లేదు, కేక్ లాగా పొంగుతుందో లేదో అన్న బెంగ లేదు. ఇక్కడ హైదరాబాద్, విజయవాడ, వైజాగ్ ఇళ్ళల్లో కూడా ఓటీజీలు (చిన్న కరెంటు ఓవెన్లు), ఎయిర్ ఫ్రయర్లు వచ్చాక ఈ వంటకం మెల్లగా తెలిసింది.

దీంతో పాటే ఇంకో మార్పు నడుస్తోంది, పంచదార మీద జనంలో వచ్చిన జాగ్రత్త. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది, బయటినుంచి కలిపే చక్కెరలు రోజు మొత్తం క్యాలరీల్లో 10 శాతం దాటకూడదని, 5 శాతం లోపు ఉంటే ఇంకా మంచిదని. 2,000 క్యాలరీల తిండి తినే మనిషికి అది 50 గ్రాములు, 25 గ్రాములు. 2025లో సీబీఎస్ఈ తన స్కూళ్ళల్లో షుగర్ బోర్డులు పెట్టమంది, అంటే ఏ కూల్‌డ్రింక్‌లో ఎంత పంచదార ఉందో పిల్లలకి కనిపించేలా రాసి పెట్టడం. మన దేశంలో దాదాపు 10 కోట్ల మందికి డయాబెటిస్ ఉందని 2023లో ఐసీఎంఆర్ ఇండియాబ్ అధ్యయనం తేల్చింది. ఇంత జరుగుతున్నప్పుడు డెజర్ట్ అనగానే తక్కువ పంచదారతో ఎలా అని వెతకడం సహజమే.

వెతికితే దొరికేవి మాత్రం ఒకదానితో ఒకటి పొసగవు. ఒకటి బెల్లం వేస్తే హెల్తీ అంటుంది, ఇంకొకటి తేనె అంటుంది, ఖర్జూరం పేస్ట్ అంటుంది, స్టీవియా (ఒక మొక్క ఆకుల నుంచి తీసే స్వీటెనర్) అంటుంది, ఎవరూ పంచదార ఆ వంటకంలో ఏం పని చేస్తోందో చెప్పరు. ఆ పని తెలియకుండా తీసేస్తే వచ్చేది పైన పిండి పిండిగా, కింద నీళ్ళు నీళ్ళుగా ఉండే ట్రే, దాన్ని ఒకసారి తిన్నవాళ్ళు తక్కువ పంచదార అంటే రుచి ఉండదని తీర్మానించేసుకుంటారు. అది అన్యాయం, ఎందుకంటే ఈ వంటకం తగ్గించడానికి చాలా డెజర్ట్‌ల కంటే అనువైనది.

అసలు క్రిస్ప్ అంటే

పండు ముక్కలు కింద, మైదా, ఓట్స్, పంచదార, వెన్న కలిపిన పొడిపొడి మిశ్రమం పైన, ఓవెన్‌లో పైపొర కరకరలాడే దాకా కాల్చడం. అంతే. ఓట్స్ లేకుండా చేసేది బ్రిటన్ వాళ్ళ క్రంబుల్, పైన మెత్తటి బిస్కెట్ పిండి ముద్దలు పెడితే కాబ్లర్. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బ్రిటన్‌లో క్రంబుల్ ఇంటింటికీ చేరడానికి కారణం పొదుపే, పై క్రస్ట్‌కి పట్టేంత కొవ్వు దీనికి అక్కర్లేదు. అక్కడ పంచదార రేషన్ 1940 జనవరిలో మొదలై 1953 సెప్టెంబర్ దాకా నడిచింది, పెద్దవాళ్ళకి మామూలుగా వారానికి 8 ఔన్సులు, అంటే 227 గ్రాములు. అంటే ఈ కుటుంబానికి చెందిన వంటకం ఒకటి తక్కువ పంచదారతోనే ఊరంతా పాకింది, ఇప్పుడు చేసుకునేంత తియ్యగా ఉండాలన్న రూలు దానికి ఎప్పుడూ లేదు.

ముందు లెక్క చూడాలి

మామూలుగా 8 మందికి చేసే ఆపిల్ క్రిస్ప్‌లో సుమారు 900 గ్రాముల ఆపిల్ ముక్కలు, పండులో 100 గ్రాముల పంచదార, పైపొరలో ఇంకో 100 గ్రాముల బ్రౌన్ షుగర్, 113 గ్రాముల వెన్న (అమెరికాలో ఒక స్టిక్), 90 గ్రాముల మైదా, 80 గ్రాముల ఓట్స్ పడతాయి. దీని మొత్తం దగ్గర దగ్గర 2,680 క్యాలరీలు. అందులో వెన్న వాటా 810, పంచదార వాటా 770, మైదా ఓట్స్ కలిపి 630, ఆపిల్స్ 470. ఒక్కొక్కరికి 335 క్యాలరీలు, 25 గ్రాముల కలిపిన పంచదార. అంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇంకా మంచిది అన్న ఆ 25 గ్రాములు ఒక్క కప్పు డెజర్ట్‌తోనే అయిపోయాయి, పొద్దున తాగిన టీలో ఉన్నది కాకుండానే.

ఇప్పుడు ఇందులోంచి పంచదార మొత్తం తీసేశారనుకుందాం, ఒక్క స్పూను కూడా లేదు. అప్పుడు ఒక్కొక్కరికి 239 క్యాలరీలు. రుచి పోయింది, కరకర పోయింది, అయినా అంత తక్కువేం కాలేదు.

ఇంకో దారి. పండులో 20 గ్రాములు, పైపొరలో 45 గ్రాములు పంచదార ఉంచి, వెన్న 60 గ్రాములకి తగ్గించి, మైదా 40 గ్రాములు చేసి, ఓట్స్ 100 గ్రాములకి పెంచి, 30 గ్రాముల బాదం పలుకులు కలిపితే మొత్తం 1,850 దగ్గరికి వస్తుంది. ఒక్కొక్కరికి 231 క్యాలరీలు, 8 గ్రాముల పంచదార. పంచదార సున్నా చేసినదానికంటే ఇదే ఇంకా తేలిక, పైగా ఇది తినబుద్ధయ్యే క్రిస్ప్. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే మిగతా చర్చంతా దారిలో పడుతుంది, పంచదార మీద ఒక్కదాని మీదే పగబట్టడం ఎందుకు పనికిరాదో ఇక్కడే తెలుస్తుంది.

లేబుల్ లెక్కలు కూడా ఒక మాట. అమెరికాలో ప్యాకెట్ మీద రెడ్యూస్డ్ షుగర్ అని వేయాలంటే మామూలు రకం కంటే కనీసం 25 శాతం తక్కువ ఉండాలి, లైట్ అని వేయాలంటే మూడో వంతు క్యాలరీలైనా తగ్గాలి, లేదా కొవ్వు సగానికి పడిపోవాలి. పైన చెప్పిన రకంలో పంచదార మూడింట రెండొంతులు తగ్గింది కాబట్టి మొదటి మాటకి హాయిగా సరిపోతుంది, క్యాలరీలు 31 శాతమే తగ్గాయి కాబట్టి రెండో మాటకి కొద్దిలో ఆగిపోయింది. ఇంట్లో చేసుకునేదానికి ఈ రూల్స్ వర్తించవు గానీ, ఎంత తగ్గితే తగ్గినట్టు అని చూసుకోవడానికి మంచి కొలబద్దలు.

పండులో పంచదార ఏం చేస్తుంది

మొదటిది తీపి, అది అందరికీ తెలిసిందే. కానీ ఆపిల్‌లోనే 100 గ్రాములకి 10 గ్రాముల పైన చక్కెర ఉంది, అంటే 900 గ్రాముల ముక్కల్లో 94 గ్రాములు ముందే ఉన్నాయి, దాని మీద ఇంకో 100 గ్రాములు వేయడం అంటే తీపిని రెట్టింపు చేయడమే. పండు బాగుంటే అంత అవసరమే లేదు.

రెండోది నీళ్ళు లాగడం. ముక్కల మీద పంచదార చల్లి పది నిమిషాలు వదిలేస్తే గిన్నె అడుగున రసం చేరుతుంది, ఆ రసంలో పంచదార కరిగి ఓవెన్‌లో చిక్కటి మెరిసే పాకం లాంటిది అవుతుంది. పంచదార తగ్గిస్తే ముందు రసం తక్కువ వస్తుంది, తర్వాత వేడికి కణాలు పగిలి వచ్చే రసం పల్చగా ఉంటుంది, మెరుపు ఉండదు. అందుకే తక్కువ పంచదార క్రిస్ప్ కింద భాగం కాస్త మ్యాట్‌గా, ఉడికించిన పండులా కనిపిస్తుంది, అది చెడిపోవడం కాదు.

మూడోది చాలామంది గమనించనిది, గంజి మీద దాని ప్రభావం. రసం చిక్కబడటానికి కార్న్‌ఫ్లోర్ వేస్తారు కదా, ఆ గంజి రేణువులు వేడిలో నీళ్ళు పీల్చుకుని ఉబ్బితేనే చిక్కదనం. పంచదార కూడా అదే నీటి కోసం పోటీ పడుతుంది, కాబట్టి పంచదార ఎక్కువుంటే గంజి ఉబ్బడానికి ఇంకా ఎక్కువ వేడి కావాలి, తక్కువుంటే త్వరగా, గట్టిగా ఉబ్బుతుంది. పంచదార తగ్గించి కార్న్‌ఫ్లోర్ మాత్రం పాత కొలతే వేసినవాళ్ళకి కింద జిగురు ముద్ద రావడానికి కారణం ఇదే. 2 టేబుల్ స్పూన్లు వేసేచోట 1 వేస్తే చాలు, మరీ రసం ఉన్న పండైతే ఒకటిన్నర. కార్న్‌ఫ్లోర్ పూర్తిగా పని చేసిందనడానికి గుర్తు అంచుల్లో కాదు, ట్రే మధ్యలో కూడా రసం బుడగలు రావడం.

నాలుగోది ముక్క ఆకారం. ఆపిల్ కణాల గోడల్ని పట్టుకుని ఉంచేది పెక్టిన్, చిక్కటి పంచదార పాకంలో అది కరగడానికి టైమ్ పడుతుంది, అందుకే తీపి ఎక్కువున్న ఫిల్లింగ్‌లో ముక్కలు ముక్కలుగానే ఉంటాయి. పంచదార తగ్గిస్తే కాస్త త్వరగా మెత్తబడతాయి. దీనికి విరుగుడు పులుపు, పులుపు ఉంటే పెక్టిన్ నెమ్మదిగా విడిపోతుంది, కాబట్టి పుల్లటి రకం ఆపిల్ లేదా కొంచెం నిమ్మరసం, ముక్కలు పల్చగా కాకుండా ఒక సెంటీమీటర్ మందం. నిమ్మరసం మాత్రం చెయ్యి జారి ఎక్కువ పోయకూడదు, పులుపు తీపిని అణిచేస్తుంది, అసలే తక్కువున్న తీపి ఇంకా కనపడకుండా పోతుంది. 900 గ్రాములకి 2 టీస్పూన్లు చాలు.

తొక్క తీయాలా వద్దా అన్నది రుచికి సంబంధించిన సంగతే గానీ లెక్క ఒకవైపే మొగ్గుతుంది. తొక్కతో ఉన్న ఆపిల్‌లో 100 గ్రాములకి 2.4 గ్రాముల పీచు, తొక్క తీస్తే 1.3.

వేడిగా తింటే తీపి ఎందుకు తక్కువ అనిపిస్తుంది

ఆపిల్‌లో ఉన్న చక్కెరలో సగం పైన ఫ్రక్టోజ్, అంటే పండ్ల చక్కెర. దీనికో విచిత్రమైన గుణం ఉంది, చల్లగా ఉన్నప్పుడు మామూలు పంచదార కంటే ఎక్కువ తియ్యగా అనిపిస్తుంది, 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర అదే పంచదార కంటే తక్కువ తియ్యగా అనిపిస్తుంది, వేడికి ఆ అణువు రూపం మారడం వల్ల. పంచదార బాగా వేసిన క్రిస్ప్‌లో ఈ తేడా తెలియదు. పండు తీపి మీదే ఆధారపడిన క్రిస్ప్‌లో బాగా తెలుస్తుంది. ఓవెన్‌లోంచి తీసిన వెంటనే నోట్లో పెట్టుకుని తీపి లేదు అని పైన పంచదార చల్లుకోవడం కంటే, అరగంట ఆగి గోరువెచ్చగా తింటే అదే ముక్క తియ్యగా ఉంటుంది, ఆ లోపు రసం కూడా చిక్కబడుతుంది.

దాల్చినచెక్క, వెనిల్లా కూడా ఇలాగే పని చేస్తాయి, వాటిలో తీపి లేదు గానీ ఆ వాసనల్ని తీపి వంటకాలతో కలిపి గుర్తుపెట్టుకున్న మెదడు తీపిని కొంచెం ఎక్కువగా లెక్క వేసుకుంటుంది. చిటికెడు ఉప్పు చేదుని, వగరుని తగ్గించి తీపిని ముందుకి తెస్తుంది. యాలకులతో పెరిగిన నాలుకకి యాలకుల పొడి కూడా ఇదే పని చెయ్యాలి, ఆపిల్‌తో అది బాగా కలుస్తుంది కూడా.

పైపొర: ఇక్కడ పంచదార తీపి కోసమే కాదు

పైపొరలో పంచదార చేసే పనుల్లో తీపి ఒకటి మాత్రమే. వేడికి పంచదార వెన్నలోని నీటిలో కరిగి ఓట్స్ చుట్టూ అంటుకుంటుంది, నీరు ఆవిరైపోయాక చల్లారేటప్పుడు గాజులా గట్టిపడుతుంది. పల్లీ చిక్కీకి ముదురు పాకం పట్టినప్పుడు జరిగేది ఇదే, వేడిగా ఉన్నప్పుడు సాగుతుంది, చల్లారితే టప్పున విరుగుతుంది. క్రిస్ప్‌లోని కరకర చాలావరకు ఆ సన్నటి గాజు పొరదే. అది లేకపోతే ఓట్స్ వేయించినట్టు ఎండుతాయి గానీ ఒకదానితో ఒకటి అంటుకుని గుత్తులు కావు.

ఇంకో పని, మైదాని అదుపులో పెట్టడం. మైదాకి నీరు తగిలితే గ్లూటెన్, అంటే పిండికి సాగే గుణమిచ్చే ప్రొటీన్ అల్లిక, తయారవుతుంది, రొట్టెకి అది కావాలి, ఇక్కడ అక్కర్లేదు. పంచదార ఆ నీటిని తను పట్టుకుని గ్లూటెన్‌ని ఎదగనివ్వదు, వెన్న పిండి రేణువులకి పూతలా అంటి అదే పని చేస్తుంది. ఈ రెండింటినీ ఒకేసారి తగ్గిస్తే పైపొర గుల్లగా కాకుండా గట్టి బిళ్ళలా, ఎండిన రొట్టెలా వస్తుంది. చాలా తేలిక రెసిపీలు విఫలమయ్యేది సరిగ్గా ఇక్కడే.

రంగు సంగతి కూడా ఉంది. పంచదార 160 డిగ్రీలు దాటితే క్యారమెల్ వైపు వెళుతుంది, చక్కెరలకీ ఓట్స్ మైదాల్లోని ప్రొటీన్లకీ మధ్య జరిగే మెయిలార్డ్ చర్య గోధుమ రంగునీ ఆ కాల్చిన వాసననీ ఇస్తుంది. పంచదార లేని పైపొర అరగంట ఉంచినా పాలిపోయినట్టే ఉంటుంది, రంగు రాలేదని ఇంకో పావుగంట ఉంచితే కింద పండు గుజ్జైపోద్ది.

మరి ఏం చెయ్యాలి? పంచదారని సగం దాకా, అంటే 100 గ్రాముల నుంచి 45 లేదా 50 గ్రాములకి దించినా ఆ గాజు పొర ఏర్పడటానికి సరిపోతుంది, దానితో పాటు మైదాని కూడా సగం చేయాలి, అది ముఖ్యం. మైదా తగ్గితే గ్లూటెన్ గొడవే తగ్గుతుంది, ఆ చోట ఓట్స్, తరిగిన బాదం, వాల్‌నట్ లేదా బాదం పొడి వేస్తే వాటి సొంత నూనె, సొంత కరకర పనికొస్తాయి. ఓట్స్ రోల్డ్ ఓట్స్ అయి ఉండాలి, ఇన్‌స్టంట్ ఓట్స్ పొడిలా అయి తేమ పీల్చేసుకుంటాయి, స్టీల్ కట్ ఓట్స్ ఆ టైమ్‌కి ఉడకవు, పళ్ళ కింద రాళ్ళలా తగులుతాయి.

గుడ్డు తినేవాళ్ళకి ఇంకో ఉపాయం ఉంది, గ్రనోలా (తీపి పట్టించి కాల్చిన ఓట్స్ గుత్తులు) చేసేవాళ్ళు ఎప్పటినుంచో వాడుతున్నదే. ఒక గుడ్డు తెల్లసొన నురగ వచ్చేలా గిలకొట్టి ఓట్స్‌కి పట్టిస్తే ఆ ప్రొటీన్ వేడికి గట్టిపడి ఓట్స్‌ని గుత్తులుగా పట్టి ఉంచుతుంది, పంచదార చేసే అంటించే పనిలో కొంత అది తీసుకుంటుంది. దానివల్ల పెరిగేది 17 క్యాలరీలే.

వీటన్నిటికంటే బాగా పని చేసే పద్ధతి పండునీ పైపొరనీ విడదీయడం. పైపొరకి అసలు శత్రువు కింద నుంచి వచ్చే ఆవిరి, తేమ తగిలితే ఆ గాజు పొర మళ్ళీ మెత్తబడుతుంది, పంచదార తక్కువైన కొద్దీ పొర పల్చనవుతుంది కాబట్టి ఇంకా త్వరగా మెత్తబడుతుంది. ఓట్స్ మిశ్రమాన్ని వేరే ట్రేలో పల్చగా పరిచి 165 డిగ్రీల దగ్గర 15 నుంచి 20 నిమిషాలు, మధ్యలో ఒకసారి కలిపి కాల్చుకుని, పండుని మూత పెట్టి స్టవ్ మీదో ఓవెన్‌లోనో విడిగా మగ్గించి, తినే ముందు ఒకదాని మీద ఒకటి వేస్తే అతి తక్కువ పంచదారతో కూడా కరకర నిలబడుతుంది. ఒకే ట్రేలో కాల్చిన క్రిస్ప్‌లో పైపొర అడుగున పండు రసం ఇంకి కొంచెం నమిలేలా ఉండే ఆ పొర ఇందులో రాదు, అది ఇష్టమైనవాళ్ళకి ఇది లోటే. మధ్యేమార్గం ఏంటంటే పండుని ముందు 10, 15 నిమిషాలు ఒంటరిగా ఓవెన్‌లో పెట్టి ఆవిరి కొంత పోయాక పైపొర చల్లడం.

వెన్న తగ్గించేటప్పుడు

చల్లటి వెన్నని వేళ్ళతో పిండిలో నలపడం పాత పద్ధతి. వెన్న సగానికి తగ్గించినప్పుడు అది పనికిరాదు, కొంత పిండికి వెన్న అందక పొడిగా మిగిలి కాలిన తర్వాత కూడా పచ్చి పిండి రుచే వస్తుంది. కరిగించి పోస్తే తక్కువ వెన్న కూడా అన్ని ఓట్స్‌కీ సమానంగా అంటుతుంది, కాబట్టి 60 గ్రాములతో పని నడవాలంటే కరిగించడం తప్పదు.

నూనె వేస్తే లైట్ అన్న నమ్మకం గట్టిగా ఉంది, లెక్క దానికి ఒప్పుకోదు. 100 గ్రాముల వెన్నలో 717 క్యాలరీలు, ఎందుకంటే అందులో 16, 17 శాతం నీరు, నూనెలో 884, నెయ్యి కూడా అటూ ఇటుగా అంతే. వెన్న బదులు నూనె వేస్తే తగ్గేది సంతృప్త కొవ్వు, క్యాలరీలు కాదు, గుండె కోసం చూసుకునేవాళ్ళకి అది మంచి కారణమే, బరువు కోసం చూసేవాళ్ళకి కాదు. నెయ్యికి ఒక లాభం ఉంది, నీరు లేదు కాబట్టి గ్లూటెన్‌కి అవకాశం తక్కువ, వాసన ఎక్కువ కాబట్టి 45 గ్రాములతోనే సరిపెట్టొచ్చు.

బెల్లం, తేనె, ఖర్జూరం, స్టీవియా

బెల్లంలో ఎక్కువ భాగం సుక్రోజే, అంటే పంచదారలో ఉండేదే, క్యాలరీలు పంచదారతో దాదాపు సమానం. కొద్దిగా ఖనిజాలు ఉన్న మాట నిజం, ఒక కప్పు డెజర్ట్‌లో పడే 8 గ్రాముల బెల్లం వల్ల వచ్చే ఐరన్ ఎంతని లెక్కేస్తే పెద్దగా ఏమీ లేదు. డయాబెటిస్ ఉన్నవాళ్ళకి బెల్లం పర్లేదు అనడం ప్రమాదకరమైన మాట, దాన్ని మర్యాద కోసం కూడా ఒప్పుకోకూడదు. వంట పరంగా చూస్తే బెల్లం రుచి ఆపిల్‌కి చాలా బాగుంటుంది, పండులో వేయడానికి అనువైనది, పైపొరలో మాత్రం ఇబ్బంది. అది గాలిలోని తేమని లాగేస్తుంది, కోస్తా ఉక్కపోతలో సాయంత్రం చేసిన పైపొర రాత్రి భోజనం అయ్యేసరికి మెత్తబడిపోద్ది.

తేనెలో 17 శాతం నీరు ఉంటుంది, ఫ్రక్టోజ్ ఎక్కువ, త్వరగా మాడుతుంది, వాడితే ఓవెన్ వేడి 10, 15 డిగ్రీలు తగ్గించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో తేనె, సిరప్‌లు, పండ్ల రసాలు అన్నీ పంచదారతో పాటు అదే గంపలోకి వస్తాయి. ఆపిల్ జ్యూస్ కాన్సంట్రేట్ పోసి నో యాడెడ్ షుగర్ అనుకోవడం కూడా అందుకే కుదరదు, అమెరికా లేబుల్ రూల్స్ దాన్ని యాడెడ్ షుగర్ కిందే చూస్తాయి. మెడ్జూల్ ఖర్జూరంలో 100 గ్రాములకి 66 గ్రాముల చక్కెర, 7 గ్రాముల దాకా పీచు, పీచు ఉన్నంత మేలు ఉంది గానీ చక్కెర లేనిది కాదు.

ఇక స్వీటెనర్లు. స్టీవియా పంచదార కంటే 200 నుంచి 300 రెట్లు తియ్యన, సుక్రలోజ్ 600 రెట్లు, అంటే చిటికెడు చాలు, అక్కడే సమస్య, 100 గ్రాముల పంచదార తీసేసిన చోట ఏమీ మిగలదు. పండులో అది సమస్యే కాదు, అక్కడ కావాల్సింది తీపి ఒక్కటే. పైపొరలో కరకరకి పదార్థమే ఉండదు. ఎరిథ్రిటాల్‌కి పరిమాణం ఉంటుంది, క్యాలరీలు గ్రాముకి 0.2 మాత్రమే, కానీ రంగు తిరగదు, చల్లారాక మళ్ళీ పలుకులుగా మారి ఇసకలా తగులుతుంది, నాలుక మీద పుదీనా లాంటి చల్లదనం వస్తుంది. అమెరికాలో దొరికే అల్యులోజ్ రంగు బాగా తిరుగుతుంది గానీ తేమ పట్టుకుని పైపొరని మెత్తగా ఉంచుతుంది. అస్పర్టేమ్ వేడికి విడిపోయి తీపి పోతుంది, ఓవెన్ వంటకి పనికిరాదు. కాబట్టి స్వీటెనర్ వాడాలనుకునేవాళ్ళు పండులో అది వేసి, పైపొరలో ఆ 45 గ్రాముల అసలు పంచదార ఉంచేస్తే రెండు వైపులా నష్టం ఉండదు. బరువు తగ్గడానికి స్టీవియా, సుక్రలోజ్ లాంటి స్వీటెనర్ల మీద ఆధారపడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే నెలలో సూచించింది, ఆ సూచన ఇప్పటికే డయాబెటిస్ ఉన్నవాళ్ళకి వర్తించదని అందులోనే ఉంది.

ఏ పండు

అమెరికాలో ఉన్నవాళ్ళకి పని సులువు. గ్రానీ స్మిత్ పుల్లన, ముక్క చెదరదు, కానీ పంచదార తగ్గించాక అదొక్కటే వేస్తే మరీ పుల్లగా ఉంటుంది. సగం గ్రానీ స్మిత్, సగం హనీక్రిస్ప్ లేదా ఫ్యూజీ కలిపితే పులుపు నిర్మాణాన్ని, తీపి రుచిని చూసుకుంటాయి. మెకింతోష్ గుజ్జైపోద్ది, రెడ్ డెలీషియస్ పిండిపిండిగా ఉంటుంది.

మన మార్కెట్లకి శరదృతువులో వచ్చే కశ్మీర్, హిమాచల్ ఆపిల్స్‌లో ఎక్కువ డెలీషియస్ రకాలే, తీపి ఉంది, పులుపు తక్కువ, మెత్తన. వీటితో చేస్తే పండులో పంచదార అసలు వేయకపోయినా చెల్లుతుంది, నిమ్మరసం మాత్రం తప్పనిసరి, ముక్కలు పెద్దవిగా ఉండాలి. వేసవిలో మామిడి క్రిస్ప్ అనుకుంటే గట్టిగా పండిన బంగినపల్లి, 100 గ్రాములకి 14 గ్రాముల దగ్గర చక్కెర ఉంటుంది కాబట్టి పంచదార అక్కర్లేదు, రసాలు పనికిరావు, ట్రే అంతా నీళ్ళే. పైనాపిల్‌కి కూడా నీరు ఎక్కువ, ముక్కల్ని ముందు పాన్‌లో వేసి తడి ఆరేదాకా తిప్పితే చాలా బాగుంటుంది. స్ట్రాబెర్రీలో చక్కెర 5 గ్రాములే, పుల్లగా ఉంటుంది, అదొక్కటే వేసి పంచదార తగ్గించడం కష్టం, ఆపిల్‌లో కలిపితే సరి.

ఓవెన్, ఎయిర్ ఫ్రయర్

ఓటీజీలో 180 డిగ్రీలు, ముందే వేడెక్కించి, 35 నుంచి 45 నిమిషాలు. ఫ్యాన్ ఉన్న కన్వెక్షన్ అయితే 160. లోతైన గిన్నె కంటే వెడల్పాటి పల్లెం మంచిది, ఆవిరి త్వరగా పోతుంది, ఒక్కో ముక్కకి పైపొర అందుతుంది. ఎయిర్ ఫ్రయర్‌లో వేడి పైనుంచి గాలితో పాటు కొడుతుంది కాబట్టి పండు ఉడికేలోపే ఓట్స్ మాడతాయి, తేలికైన ఓట్స్ ఎగిరి కాయిల్ దాకా వెళ్ళే అవకాశం ఉంది. పండుని ముందే మగ్గించి చిన్న గిన్నెలో వేసి, పైపొర అరచేత్తో కాస్త ఒత్తి, 150 డిగ్రీల దగ్గర 10, 12 నిమిషాలు ఉంచితే సరిపోతుంది.

మిగిలిపోయింది ఫ్రిజ్‌లో పెడితే పైపొర మెత్తబడటం ఖాయం. మైక్రోవేవ్‌లో వేడి చేస్తే ఇంకా మెత్తబడుతుంది, ఓవెన్‌లో మూత లేకుండా 160 దగ్గర 10 నిమిషాలు ఉంచితే చాలావరకు కరకర తిరిగి వస్తుంది.

షుగర్ ఉన్నవాళ్ళ ప్లేట్‌లో, ఐస్‌క్రీమ్ పక్కన

తక్కువ పంచదార అన్న మాట విని డయాబెటిస్ ఉన్నవాళ్ళు రెండు కప్పులు తింటే ప్రయోజనం ఉండదు. మామూలు క్రిస్ప్ ఒక వడ్డనలో పిండి పదార్థాలు సుమారు 56 గ్రాములు, పైన చెప్పిన తేలిక రకంలో 36 గ్రాములు. ఒక కప్పు అన్నంలో ఉండేది 45 గ్రాములు. అంటే తేలిక క్రిస్ప్ కూడా ముప్పావు కప్పు అన్నం కంటే ఎక్కువే, భోజనం మీద అదనంగా కాకుండా ఆ పూట అన్నం తగ్గించుకుని తినాల్సిన లెక్క అది. ఎవరికి ఎంత అన్నది వాళ్ళ మందులు, రీడింగ్స్ చూసే డాక్టరే చెప్పాలి.

వెనిల్లా ఐస్‌క్రీమ్ అర కప్పు, అంటే సుమారు 66 గ్రాములు, 135 క్యాలరీలు, 14 గ్రాముల చక్కెర. ఒక వడ్డనలో కష్టపడి తగ్గించింది 104 క్యాలరీలు, 17 గ్రాముల పంచదార. స్కూప్ పడగానే క్యాలరీలు మొదటికంటే పెరిగాయి, పంచదార దాదాపు వెనక్కి వచ్చేసింది. వేడిగా ఉన్న పండు మీద చల్లగా ఏదో ఒకటి కావాలనిపించడం నిజమే, దానికి నీళ్ళు వడకట్టిన గట్టి పెరుగు సరిపోతుంది, రెండు పెద్ద స్పూన్లకి 30 క్యాలరీల చుట్టుపక్కల, కలిపిన పంచదార సున్నా, దాని పులుపు దాల్చినచెక్క వేసిన ఆపిల్‌తో బాగా కుదురుతుంది, కాస్త వెనిల్లా కలిపితే పిల్లలు కూడా తింటారు.